భవాని కాలు, బండి బ్రేకు

నవంబర్ 3, సోమవారం

బండి బ్రేకు పోయింది. మనుషులెవరూ పోలేదు. ముందు ఈ ముక్క రాసి పెట్టుకుంటే మిగతాది నిదానంగా రాయొచ్చు.

అదే రోజు, సాయంత్రం

మా కోడలు భవాని పికప్ నడుపుతుంది. నారాయణరావుపేట చుట్టుపక్కల కూరగాయలు పండించే ఆడవాళ్ల దగ్గర చీకటితోనే ట్రేలు ఎక్కించుకొని సిద్దిపేట మార్కెట్లో దించుతుంది. ఒకప్పుడు నేను నడిపిన బండే. నా మోకాళ్లు క్లచ్‌తో మాట్లాడటం మానేశాయి. కొడుకు సంతోష్‌కు సెల్‌ఫోన్ల దుకాణం తప్ప వేరే లోకం లేదు. అట్లా స్టీరింగ్ ఆమె చేతికి వెళ్లింది. నేనే నేర్పాను. ఆడపిల్ల చేతికి బండి ఇస్తవా అని అప్పుడు గల్లీ అంతా అడిగింది. ఇవాళ గల్లీకి తన ప్రశ్న మళ్లీ గుర్తొచ్చింది.

జరిగింది ఇది. రిజర్వాయర్ కట్ట మీది నుంచి దిగే రోడ్డు. వడ్ల కాలం కాబట్టి రోడ్డులో సగం రైతులది. కుప్పలు, కుప్పల మీద పట్టాలు, పట్టాలు ఎగరకుండా రాళ్లు. మిగిలిన సగంలో లోడు బండిని దించాలంటే బ్రేకు మీది నుంచి కాలు తీసే సందు దొరకదు. భవాని అట్లాగే దిగిందట. కింది మలుపులో ఎదురుగా కూలికి పోయే ఆడవాళ్ల ఆటో వచ్చింది. తొక్కింది. పెడల్ మెత్తగా అడుక్కి పోయింది, పెరుగు గిన్నెల కాలు పెట్టినట్టున్నది మామా అంది. మళ్లీ తొక్కింది, మళ్లీ పెరుగే. గేరు దించింది, హ్యాండ్‌బ్రేక్ గుంజింది, ఆటోను తప్పించి రోడ్డు పక్క వడ్ల కుప్పలోకి బండిని పోనిచ్చింది. బండి ఆగింది. టమాట ట్రేలు మాత్రం ఆగలేదు.

ఇంతకంటే మంచిగా నేను కూడా ఆపలేను. ఈ మాట ఆమెతో అన్నాను. వినలేదు.

సంతోష్ పోయి బండి తెచ్చాడు. దారి పొడుగునా తొక్కి చూశాడట. బ్రేకులు మంచిగనే ఉన్నయ్ బాపు, రాయి లెక్క ఉన్నయ్ అన్నాడు. ఆగమాగంల క్లచ్ తొక్కిందో ఏమో అని కూడా అన్నాడు. భార్య మొహం చూడకుండా అన్నాడు. ఆమె అక్కడే ఉంది.

నవంబర్ 4, మంగళవారం

నేనూ తొక్కి చూశాను. రాయే.

బోర్లా పడుకొని నాలుగు చక్రాల వెనక చూశాను. ఎక్కడా కారింది లేదు, తడి లేదు. పడుకోవడం సులువుగానే అయింది. లేవడానికి మా ఇంటామె రాములవ్వను పిలవాల్సి వచ్చింది. చెయ్యి అందిస్తూ, ఇగ బండి కిందనే మంచం ఏస్త, గాడనే పండు అంది.

కింద పడుకుంటే పాత సంగతులు గుర్తొస్తాయి. నాగపూర్ రోడ్డు మీద ఒక సర్దార్జీ లారీ కింద పడుకొని నాకు పాఠం చెప్పేవాడు. అతనికి తెలుగు రాదు, నాకు హిందీ రాదు, ఇద్దరికీ రెంచీలు వచ్చు. నేను బడికి పోయింది తక్కువ. తెలుగు లారీల వెనక రాతలు నేర్పాయి, ఇంగ్లీషు టైర్లూ ఆయిల్ డబ్బాలూ నేర్పాయి. అందుకే నాకు ఇంగ్లీషులో ప్రేమ మాటలు రావు, ప్రెషర్ మాటలు వస్తాయి.

రాయాలనుకున్నది ఇది కాదు. భవాని పెడల్ పోయిందంటోంది. సంతోష్ ఉందంటున్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పే మనుషులు కాదు.

నవంబర్ 5, బుధవారం

భవాని ఇవాళ కూడా బండి తీయలేదు, ఇంట్లో మూడు కూరలు చేసింది. అది మంచి గుర్తు కాదు.

నవంబర్ 6, గురువారం

వడ్ల కుప్ప యజమాని బుచ్చిరాములు వచ్చాడు. వాకిట్లోనే మొదలుపెట్టాడు. లింగన్నా, నీ కోడలు నా వడ్లల్ల టమాట పులుసు పెట్టింది, గిప్పుడు సెంటర్ల తేమ మిషన్ పెడితే గా మిషనే అన్నం అడుగుతది అన్నాడు. నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. ఆయన గొంతు ఇంకా పెరిగింది. చివరికి, వచ్చి ఎండబెట్టి ఇయ్యిన్రి, గంతే అన్నాడు. అది న్యాయమే.

ముగ్గురం పోయాం, నేను, రాములవ్వ, భవాని. టమాట తోలు ఏరి, వడ్లు పరిచి, కాళ్లతో సాళ్లు తీయాలి. భవాని ఈ చివర నుంచి ఆ చివరకు అడుగు ఎత్తకుండా కాళ్లు ఈడుస్తూ నడిచింది. బుచ్చిరాములు భార్య లచ్చవ్వ రోడ్డు పక్క కూర్చొని చూస్తోంది. బిడ్డా, నీ కాళ్లు గీ పనికైతే మంచిగ పనికొస్తున్నయ్ అంది. వెక్కిరింతేమీ కాదు, మెచ్చుకోవాలనే అంది. భవాని ఇంకో సాలు తీసింది. నేను ఆ మొహం చూడలేక కొనుగోలు సెంటర్ వైపు నడిచాను.

అక్కడ ఒకాయన గుప్పెడు వడ్లు మిషన్‌లో పోసి తేమ ఎంతుందో చూస్తున్నాడు. నంబరు కొంచెం పెరిగితే చాలు, రైతును వెనక్కి పంపుతున్నాడు. పైకి చూస్తే అవి ఎండిన వడ్లే. కంటికి తెలియని తడి మిషన్‌కు తెలుస్తోంది.

ఎండలో చాలాసేపు నిలబడ్డాను. అప్పుడు తట్టింది.

నవంబర్ 7, శుక్రవారం

బ్రేక్ ఆయిల్ పేరుకే ఆయిల్. నూనె నీళ్లను దగ్గరికి రానీయదు. ఇది నీళ్ల కోసం మొహం వాచి ఉంటుంది, గాలిలో చెమ్మను కూడా వదలదు. చెమ్మ చేరిన ఆయిల్ చక్రాల వేడికి ఉడుకుతుంది, ఆవిరి పుడుతుంది. ఆయిల్‌ను తొక్కితే ఆ బలం చక్రానికి పోతుంది. ఆవిరిని తొక్కితే అది నలిగి ఊరుకుంటుంది, పెడల్ అడుక్కి పోతుంది. బండి చల్లారిందా, ఆవిరి మళ్లీ నీళ్లయి కలిసిపోతుంది, పెడల్ మళ్లీ రాయి అవుతుంది. కట్ట దిగుతూ భవాని తొక్కింది ఉడికిన బ్రేకు. తర్వాత సంతోష్ తొక్కింది చల్లారిన బ్రేకు. ఇద్దరూ నిజమే చెప్పారు.

ఇంత చిన్న సంగతి తట్టడానికి నాకు ఇన్ని రోజులు పట్టింది. ముసలితనం మోకాళ్లలోనే ఉందనుకున్నాను.

అందుకే సీలున్న చిన్న డబ్బా కొనాలి, విప్పాక మిగిలింది దాచుకోవద్దు. ట్యాంకు మూత మీద ఏ నంబరుంటే అదే పోయాలి. రెండేళ్లకోసారి మొత్తం మార్చాలి. ఎవరు వింటారు. మిరుదొడ్డి డ్రైవర్ ఒకడు నంబరు పెద్దదైతే సరుకు కూడా పెద్దదనుకొని ఎక్కడి నుంచో డాట్ ఫైవ్ ఆయిల్ తెప్పించి తన బండిలోని డాట్ ఫోర్‌లో కలిపాడు. అవి వేరువేరు జాతులు, కలవవు. కలవలేదని నామీదే అలిగాడు. పైగా ఆ చేతులు తుడిచిన బట్ట బానెట్ మీద పెడితే రంగు ఊడింది. మొన్నమొన్నటి దాకా ఆ బండికి బొల్లి వచ్చిందనేవాళ్లు.

మళ్లీ దారి తప్పాను. దసరా అయ్యాక మా బండికి బైపాస్ దగ్గర గజేందర్ షెడ్‌లో బ్రేక్ ప్యాడ్లు మార్పించి, పైపుల్లో గాలి తీయించాం. అప్పుడు గజేందర్ పోసిన ఆయిల్ డబ్బాకు మూత లేదు. మూతి నిండా గుడ్డ పేలిక కుక్కి ఉంది. నా కళ్లతో చూశాను. దొరికాడు.

భవానికి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, నీ మాట మంచిగుంది మామా, కని బ్రేకు పట్టింది అందరు జూసిన్రు, పట్టంది నేనొక్కదాన్నే జూసిన అంది.

నవంబర్ 8, శనివారం

నారాయణరావుపేట నుంచి నవనీత ఫోన్ చేసింది. అక్కడి ఆడవాళ్ల కూరగాయల లోడు మాట్లాడేది ఆమే. భవాని ఎత్తలేదు, నేను ఎత్తాను. తాతా, అక్క మీద నాకేం లేదు, కని మా ఆడోళ్లు భయపడుతున్నరు, గా ఆటోల మా ఊరోళ్లే ఉండిరి అంది. ఇంకో పది రోజుల దాకా వేరే బండి పెట్టుకుంటారట. ఆ తర్వాత కూడా భవాని రాకపోతే ఆ బండికే ఖాయం చేస్తారట. చెప్పలేక చెప్పలేక చెప్పింది.

సంతోష్ బండి అమ్ముదామంటున్నాడు. కొనేవాడిని కూడా చూశాడు. అతను వచ్చి టైర్లను కాలితో తన్ని పోయాడు. టైర్లను తన్నితే ఏం తెలుస్తుందో ఇన్నేళ్లలో నాకు అర్థం కాలేదు. నీకు ఇష్టమేనా అని భవానిని అడిగాను. అమ్మున్రి మామా, నా కాలు మీద నాకే భరోసా లేదు అంది. మెట్లు దిగేటప్పుడు కూడా కాలు చూసుకుంటున్నదట.

ఆ మాట దగ్గర నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. గజేందర్ మీద అనుకున్నాను.

నవంబర్ 10, సోమవారం

షెడ్‌కు పోయాను. నలుగురు డ్రైవర్లు చాయ్ తాగుతున్నారు. జనం ఉంటే నాకు గొంతు లేస్తుంది, ఇది పాత జబ్బు. గుడ్డ పేలిక కుక్కిన డబ్బాను చేత్తో పైకెత్తి అందరికీ చూపించాను. చెమ్మ, ఆవిరి, పెడల్, మొత్తం చెప్పాను. ఆటోలో ఉన్న ఆడవాళ్ల సంగతి కూడా చెప్పాను. నీ డబ్బా నా కోడలిని చంపబోయింది అన్నాను.

గజేందర్ చేతులు తుడుచుకొని లేచాడు. కాకా, పేపర్ల చదివింది నా కాడ చెప్పకు అన్నాడు. గీ డబ్బా ఆయిల్ పోసిన బండ్లు రోజు హైదరాబాద్ పోయొస్తున్నయ్, ఒక్కటి వడ్లల్ల పడలే, పడ్డది నీ కోడలే అన్నాడు. ఒకతను చాయ్ గ్లాసు వెనక నవ్వాడు.

నేను ఇంకా ఏదో అన్నాను. అది రాయను.

నవంబర్ 11, మంగళవారం

మోకాళ్లు. పొద్దంతా.

నవంబర్ 12, బుధవారం

గజేందర్ తానే ఇంటికి వచ్చాడు. నిన్న ఒక కస్టమర్ బండి రిపేరుకు ఇవ్వకుండా వెనక్కి తీసుకుపోయాడట. నీ నోరు మంచి పని చేసింది కాకా, గిప్పుడు తేలాలె, బానెట్ లేపు అన్నాడు. చేతిలో పెన్ను లాంటి పరికరం ఉంది. ఆయిల్‌లో ముంచితే తడి ఎంతుందో లైట్లు చెబుతాయి. ఎవరి దగ్గరో అడిగి తెచ్చాడు. గుడ్డ పేలిక డబ్బాను కూడా తెచ్చాడు. అది నాకు నచ్చింది.

ముందు డబ్బాలో ముంచాడు. పసుపు లైటు వెలిగింది. తడి కొంచెం ఉంది. నేను చంకలు గుద్దుకోబోయాను. తర్వాత మా బండి ట్యాంకులో ముంచాడు. ఒకదాని వెనక ఒకటి అన్నీ వెలిగాయి, ఎర్రది కూడా.

కాకా, గాలిల చెమ్మతోని గింత గాదు, గిది ఎవరో నీళ్లు పోసిన్రు అన్నాడు.

పిచ్చోడా, బ్రేక్ ఆయిల్‌లో నీళ్లెవడు పోస్తాడురా అన్నాను. అతను సిరంజితో ట్యాంకులోది గుంజి గాజు సీసాలో వదిలాడు. కాసేపటికి అడుగున ఏదో పేరుకుంది. మెత్తటి మడ్డి, పచ్చగా. అతను వేలు పెట్టి చూశాడు. నేను వాసన చూశాను.

బండారి. కొమురవెల్లి మల్లన్న దగ్గర చల్లే పసుపు. మా ఇంట్లో దేవుని గూట్లో మూట కట్టి ఉంటుంది. పక్కనే తీర్థం సీసా.

గజేందర్ నా మొహం చూశాడు. ఇంట్లోకి చూశాడు. లోపల రాములవ్వ చిక్కుడుకాయ తుంచుతోంది. నేను పోయొస్త కాకా అని డబ్బా తీసుకొని వెళ్లిపోయాడు. ఇంకొక్క మాట కూడా అనలేదు. అనాల్సినవి చాలా ఉన్నవాడు.

నవంబర్ 13, గురువారం

రాములవ్వను నిలదీసి అడిగే అవసరం రాలేదు. దసరా నాడు బండికి పూజ ఎట్లా చేసినవ్ అని ఊరికే అన్నాను, తానే మొత్తం చెప్పింది.

మేం మగవాళ్లం జమ్మికి పోయాం. బానెట్ లేపే ఉంది. ఇంజిన్‌కు బొట్లు పెడుతుంటే తెల్ల డబ్బా ఒకటి కనపడిందట. లోపలిది గీత కంటే కిందికి ఉందట. గీత కంటె తక్కువుంటే పొయ్యాలె అని నువ్వే అంటవు గద, ఎన్ని మాట్ల విన్న అంది. పిల్ల చీకట్ల ఒక్కతే పోతది, ఉత్త నీళ్లు ఎందుకని మల్లన్న తీర్థం పోసిన, అండ్ల చిటికెడు బండారి ఏసిన, గీత దాక అచ్చం వచ్చింది అంది.

ప్యాడ్లు అరిగితే బ్రేక్ ఆయిల్ గీత కిందికి దిగుతుంది. ప్యాడ్లు మార్చమని దాని అర్థం. ఆమెకు దాహమని అర్థమైంది. తర్వాత మేం ప్యాడ్లు మార్పించాం, గజేందర్ గాలి తీశాడు, ఆ తీసేటప్పుడు ట్యాంకులోని తీర్థం పైపుల గుండా చక్రాల దాకా పోయింది. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది.

నేను నోరు తెరవబోయాను. ఆమె ఆగలేదు. బ్రేకు పోయినా పిల్లకు గోరంత దెబ్బ తాకలే, ఆటోల ఒక్కరికి ఏం గాలే, గది మల్లన్న తీర్థం మహిమ గాక ఏంది అంది. కళ్లు తుడుచుకుంది. కత్తిపీట పక్కకు జరిపి చేతులు జోడించింది.

నోరు మూసుకున్నాను. ఆ పని నాకు అలవాటు లేదు.

నవంబర్ 14, శుక్రవారం

రాములవ్వ పుట్టిన ఊరు వేములఘాట్, రిజర్వాయర్ కింద మునిగింది. ఇప్పుడు అక్కడికి పోవాలంటే ఈత రావాలి. ఆ ఇల్లు, ఆ పొలం, వాకిట్లో వేపచెట్టు గురించి ఎవరితోనూ మాట్లాడదు. ఏటా మల్లన్న జాతరకు మాత్రం పోతుంది, సీసా నింపుకొని వస్తుంది. ఆ సీసా పిల్లను చంపబోయింది అని చెప్పాలి. నేను చెప్పాలి.

చెప్పకపోతే? భవాని జీవితమంతా తన కాలు చూసుకుంటూ మెట్లు దిగుతుంది. గజేందర్ షెడ్‌కు బండ్లు రావు. ఇంకో నాలుగు రోజులైతే నవనీత వేరే బండి ఖాయం చేస్తుంది.

చెబితే రాములవ్వ ఇక దేవుని గూడు ముందు కూర్చోదు. కోడలి ముందు కూర్చోదు. ఆమె నాకు తెలుసు.

నీళ్లు పోసినవాడు ఒకడు కావాలి. రాములవ్వ కానివాడు.

నవంబర్ 16, ఆదివారం

ఆదివారం షెడ్ దగ్గర జనం ఎక్కువ. అందుకే పోయాను. గజేందర్ నన్ను చూసి స్పానర్ కింద పెట్టాడు. నేను మొన్న నిలబడ్డ చోటే నిలబడ్డాను.

గజేందర్ ఆయిల్‌లో తప్పు లేదు, మా బండి ట్యాంకులో నీళ్లు పోసింది నేనే అన్నాను. కండ్లద్దాలు లేకుండా ఏ డబ్బా ఏదో చూడలేదు, గీత తక్కువుందని పోశాను అన్నాను. వేడికి ఉడికి బ్రేకు పోయింది, చల్లారి మళ్లీ వచ్చింది, నా కోడలి కాలు బ్రేకు మీదే ఉంది, ఆమె లేకపోతే ఆటో లేదు అన్నాను. ఈ చివరి మాట రెండుసార్లు అన్నాను.

తర్వాత నవ్వు మొదలైంది. మొన్న చాయ్ గ్లాసు వెనక నవ్వినవాడు ఇప్పుడు గ్లాసు కింద పెట్టి నవ్వాడు. గీయన మనకు బ్రేక్ ఆయిల్ పాఠం చెప్పె అన్నాడు ఒకడు. బ్రేకుల నీళ్లు పోసిండు, చాయ్‌ల డీజిల్ పోస్తడు, గ్లాసు దాచున్రిరా అన్నాడు ఇంకొకడు. అది బాగుంది. ఇంకొకరి మీదైతే నేనూ నవ్వేవాణ్ణి.

గజేందర్ నవ్వలేదు. అతనికి తెలుసు. రేపు బండి తోలుకరా కాకా, పైపులన్ని కడుగుదాం, సీలున్న డబ్బా నీ ముందటనే ఇప్పుత అన్నాడు. గుడ్డ పేలిక డబ్బాను అందరూ చూస్తుండగానే పాత ఆయిల్ డ్రమ్ములో ఒంపేశాడు. మొన్న నేను అన్నది పూర్తిగా తప్పు కాదని ఒప్పుకోవడం అది. ఎవరూ గమనించలేదు, నేను తప్ప.

నవంబర్ 17, సోమవారం

బండిని సంతోష్ షెడ్‌లో పెట్టి దుకాణానికి పోయాడు. నేను భవానిని వెంట తీసుకుపోయాను. మొదట రానంది. పైపులు కడగాలంటే ఒకరు లోపల కూర్చొని తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర ఆయిల్ వదలాలి, నా మోకాళ్లు తొక్కలేవు అన్నాను. అబద్ధం కాదు. షెడ్‌లో తొక్కేవాళ్లు వేరే ఉన్నారన్నది చెప్పలేదు.

ఆమె సీట్లో కూర్చుంది, తలుపు తెరిచే పెట్టుకుంది. గజేందర్ వెనక చక్రం దగ్గర కూర్చొని కేకేశాడు. తొక్కక్కా. తొక్కే పట్టు. నేను వదలమనేదాక వదలకు. అతను నట్టు వదులు చేయగానే పెడల్ అడుక్కి పోయింది. ఆమె ఉలిక్కిపడింది. గట్లనే పోవాలె, భయపడకు అన్నాడు. నట్టు బిగించాడు. వదులు. మళ్లీ తొక్కు.

సన్నటి ప్లాస్టిక్ పైపులోంచి మొదట వచ్చింది మురికి నీళ్లలా వచ్చింది, పచ్చ మడ్డితో. ఒక చక్రం అయ్యాక భవాని దిగి వచ్చి సీసాలో పడ్డది చూసింది. వేలు పెట్టింది. వాసన చూసింది. నేను గోడ మీద క్యాలెండర్ చూశాను. అది పోయిన నెలది.

ఆమె పోయి కూర్చుంది. ఈసారి తలుపు వేసుకుంది.

నాలుగో చక్రం అయ్యేసరికి పైపులో కొత్త ఆయిల్ తేనెలా వచ్చింది. గజేందర్ ఆఖరి నట్టు బిగించి, ఇగ తొక్కు అక్కా అన్నాడు. తొక్కింది. ఆగింది. మళ్లీ తొక్కింది. రాయి. ఆమె అట్లాగే తొక్కి పట్టుకొని కూర్చుంది, వదలమని ఎవరూ అనకపోయినా, చాలాసేపు. గజేందర్, నేను ఇద్దరం బయట పని ఉన్నట్టు నడిచాం.

ఇంటికి ఆమే నడిపింది. నేను పక్కన కూర్చున్నాను. అంబేద్కర్ చౌరస్తా దగ్గర ఒక బర్రె అడ్డం వచ్చింది. బండి ఆగింది, బర్రె పోయింది.

నవంబర్ 18, మంగళవారం

ఇంట్లో తెలిసింది. షెడ్ నుంచి మా గల్లీకి దూరం తక్కువ.

సంతోష్ నా మీద అరవలేదు, అదే కష్టంగా ఉంది. బాపు, ఇగ బానెట్ ముట్టకు అన్నాడు. మెల్లగా అన్నాడు, దవాఖానలో మాట్లాడినట్టు. తర్వాత భార్య దగ్గరికి పోయి గదిలో ఏదో చెప్పాడు. బయటికి వచ్చేసరికి కొనేవాడికి ఫోన్ చేసి బండి అమ్మేది లేదన్నాడు. నవనీతకు కూడా తానే చేశాడు. గురువారం నుంచి లోడు పెడుతుంది. మీ తాతకు అద్దాలు కొనియ్యిన్రి అందట.

రాములవ్వ అరిచింది. బాగా అరిచింది. ముసలోడా, పిల్ల పానం తీస్తుంటివి గదా అంది. కండ్లు కనపడకపోతే కూసుండాలె, అన్నిట్ల నీ పెత్తనమేంది అంది. నా తీర్థం గనుక అండ్ల లేకపోతె ఏమైతుండె అంది. మూడు వీధులకు వినపడేటట్టు అంది. నేను తల వంచుకొని, అవును, నీ తీర్థమే అన్నాను. అంత సులువుగా ఒప్పుకునేసరికి అనుమానంగా చూసింది. తర్వాత పోయి నాకు అన్నం పెట్టింది. నెయ్యి ఎక్కువ వేసింది.

సాయంత్రం చాయ్ దుకాణానికి పోతే నీళ్ల లింగమూర్తి వచ్చిండు అన్నారు. ఇది ఉండిపోయేటట్టుంది. ఇకమీదట బ్రేక్ ఆయిల్ గురించి నేను ఏం చెప్పినా ఎవరూ వినరు. ఇదివరకు కూడా వినలేదు. అప్పుడు మర్యాదకు వినేటట్టు కూర్చునేవాళ్లు.

అలసిపోయాను. నిద్ర బాగా వచ్చేటట్టుంది.

నవంబర్ 20, గురువారం

భవాని బండి తీయబోతుంటే రాములవ్వ బండారి కలిపిన తీర్థం సీసా పట్టుకొని ఎదురు నిలబడింది. బానెట్ లేపు బిడ్డా అంది. భవాని దిగింది. బానెట్ లేపింది. చెయ్యి పెట్టి ఒక మూత తీసి పట్టుకొని, అత్తమ్మా, గీ డబ్బాల పొయ్యి, గీత దాక పొయ్యి అంది. నేను తొంగి చూశాను. అద్దం కడిగే నీళ్ల డబ్బా.

భవాని నా వైపు చూడలేదు.

గల్లీ మలుపు దగ్గర బ్రేక్ లైట్లు ఎర్రగా వెలిగాయి, అద్దం మీదికి తీర్థం చిమ్మింది, వైపర్లు ఆడాయి. అద్దమంతా బండారి.